గడి కప్పుకు సున్నం మోసుకుపోయాను

జగిత్యాల బస్టాండు నుంచి కోరుట్ల బస్సు గురువారం పొద్దున ఆరూ నలభైకి కదిలింది. ఒడిలో మూత బిగించిన స్టీలు క్యాను పెట్టుకుని కూర్చున్నాను. క్యానులో సున్నం ముద్ద, దాని మీద నాలుగు వేళ్ల మందం నీళ్లు. చేతిసంచిలో మా ఆయన తాపీ, కరక్కాయలు నానబెట్టిన నీళ్ల సీసా, ఒక చీర, ఆధార్ కార్డు, మూడు జొన్నరొట్టెలు. ఆడవాళ్లకు బస్సు ఉచితమే. కార్డు చూపిస్తే కండక్టరు జీరో టికెట్టు కొట్టి ఇస్తాడు. ఆ చిన్న కాగితం పారేయొద్దు, నడుమ చెకింగు వాళ్లు ఎక్కుతారు.

నాకు సంతకం వచ్చు, బస్సు బోర్డు మీద ఊరి పేరు కూడబలుక్కోవడం వచ్చు, అంతే. ఇదంతా నేను చెప్తుంటే మా బిడ్డ రాసింది.

ఎందుకు బయలుదేరానో చెప్తాను. సిరిసిల్ల నుంచి కోనరావుపేట పోయే దిక్కు ఒక ఊళ్లో గడి ఉంది. ఒకప్పుడు దొరలుండే రెండంతస్తుల ఇల్లు. ఇప్పుడు గబ్బిలాలు ఉంటున్నాయి. నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు మా ఆయన లస్మయ్య, ఆయన తమ్ముడు పోచయ్య ఆ గడి పైకప్పుకు కొత్తగా గచ్చు వేశారు. గచ్చు అంటే సున్నం, ఇసుక కలిపి గానుగలో నూరి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసి పరిచే పని. పరిచినాక ఆడవాళ్లం వరుసగా కూర్చుని కట్టె దిమ్మిసలతో కొట్టాలి. పన్నెండు మందిమి పదిహేను రోజులు కొట్టాం. పాట ఆగితే దెబ్బ తప్పుతుందని పాట ఆపలేదు. ఆ పన్నెండు మందిలో నేను ఒక్కదాన్నే మిగిలాను.

సోమవారం నాడు ఆ గడికి కావలి ఉండే ఎల్లయ్య ఫోను చేశాడు.

"రాజవ్వా, గడి బాగుజేస్తరట. శుక్రారం ఇంజనీరు మేడం అస్తున్నది. పాత సున్నం పని తెల్సినోళ్లు ఎవరన్న ఉన్నరా అని అడిగిన్రు. లస్మయ్య ఉంటే ఎంత బాగుండు."

లస్మయ్య పోయి పదకొండేండ్లు. రొమ్ము పట్టేసి పోయాడు. పోయే ముందటేడు పెరట్లో పెద్ద కుండలో సున్నం నానబెట్టాడు. "నీళ్లు ఆరనియ్యకు" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. మా ఇండ్లలో సున్నం నానబెట్టడం వింత కాదు. నీళ్ల కింద ఎన్నేండ్లుంటే అంత మెత్తబడుతుంది, పూసినాక అంత గట్టిపడుతుంది. ఆయన పోయాక రోజూ పొద్దున పండ్లు తోముకుని, కుండ మూత తీసి, తగ్గినంత నీళ్లు పోస్తూ వచ్చాను. మా బిడ్డ కాన్పుకు వచ్చిన పొద్దు కూడా పోశాను. ఫోను వచ్చాక ఆ కుండలోంచి క్యానుకు పట్టినంత తీశాను.

బస్సు జగిత్యాల ఖిల్లా పక్క నుంచి తిరిగింది. ఖిల్లా గోడ సందుల్లో మొలిచిన రావి మొక్కలు ఈ ఏడు ఇంకా లావెక్కాయి. వేరు లావయితే రాయి ఒరుగుతుంది. ఆ గోడ కింద నడిచినప్పుడల్లా నా చూపు ఆ వేర్ల మీదికే పోతుంది.

పక్క సీట్లో మేడిపల్లిలో దిగే గౌడాయన. తాటిచెట్టు ఎక్కే మోకు భుజాన ఉంది.

"పెరుగా అవ్వా? గంత పదిలంగ వట్టుకున్నవు."

"సున్నం, కొడుకా."

"సున్నమా. మాకూ గావాలె. లొట్టి లోపల పూస్తే కల్లు పులవది, పొద్దెక్కినా తియ్యగుంటది. ఏదీ, సూడనియ్యి."

మూత తీశాను. వేలితో ఇంత తీసి బొటనవేలి మీద రుద్ది చూశాడు.

"గిసొంటి సున్నం నేను సూడలె. వెన్న తీర్గున్నది. ఏడ దొరుకుతది?"

"దొరకది. పన్నెండేండ్లు నానబెట్టుకోవాలె."

"గప్పటిదాంక నేను చెట్టెక్కుతనో లేదో" అని నవ్వి, వేలికంటింది తుడుచుకోకుండానే దిగిపోయాడు.

కోరుట్లలో ఏడూ యాభైకి దిగాను. బస్టాండు బయట ఇడ్లీ ముప్పై రూపాయలు, చాయ పది. అక్కడి నుంచి మా మరిది పోచయ్య ఇల్లు నడిస్తే పావుగంట. నాకు అరగంట పట్టింది, క్యాను బరువు.

పోచయ్యకు షుగరుతో చూపు పోయింది. వెలుగూ చీకటీ తెలుస్తాయి, మనిషి తెలియదు. ఇంటి వెనక ఒక పాత మెట్లబావి ఉంది. పొద్దంతా దాని పై మెట్టు మీద కూర్చుంటాడు. ఆ బావి చూడాలంటే ఇప్పుడే చూడండి. నాలుగు దిక్కులా రాతి స్తంభాల మండపాలు, ఒక్కో స్తంభానికి పూల చెక్కుడు. ఒకప్పుడు కింద దాకా దిగి నీళ్లు ముంచుకునేవారట. ఇప్పుడు మూడో మెట్టుకే పచ్చటి నీళ్లు, వాటి మీద ప్లాస్టిక్ సీసాలు. మండపం స్తంభాలకు తాడు కట్టి బట్టలారేస్తున్నారు. ఆ మధ్య గల్లీ వాళ్లంతా కలిసి పూడిక తీసి, దీపాలు పెట్టారట. ఫోటోలు తీశారట. రెండు వానకాలాలకు మళ్లీ ఇట్లా అయింది.

నా అడుగుల చప్పుడుకే పోచయ్య తల తిప్పాడు.

"వదినెవా? చెప్పులు ఈడ్సుకుంట నువ్వే నడుస్తవు."

"కండ్లు పోయినా నోరు పోలేదు నీకు."

"గదొక్కటే పనిజేస్తున్నది. కూసో. ఏం తెచ్చినవు, ఏదో బరువు దించినవు?"

గడి సంగతి చెప్పాను. ఇంజనీరమ్మ వస్తుందని, సున్నం తెచ్చానని, నువ్వూ రావాలని చెప్పాను. కండ్లు లేకపోయినా చేతులున్నాయి, పక్కనుండి చెప్పు, నేను చేస్తాను అన్నాను. పోచయ్య క్యాను కోసం చేయి చాపాడు. మూత తీసి ఇస్తే నీళ్లలోకి ముంజేతి దాకా పెట్టి ముద్దను పిసికాడు. చాలాసేపు పిసికాడు.

"గిది అన్న నానబెట్టిందేనా?"

"ఆ."

"వదినె, గా గడి కాడికి పోకు."

"ఎందుకు?"

"పోకు. పొయ్యి సూస్తే నువ్వు నన్ను తిడ్తవు. అన్నను గూడ తిడ్తవు."

నేను కదలలేదు. కోడలు చాయ తెచ్చి పెట్టి పోయింది. అది చల్లారాక చెప్పాడు.

"అన్న పోయే ముందటేడు మేం మళ్లొకపారి పోయినం గాడికి. సిరిసిల్లల ప్లాస్టింగు పని అని నీకు జెప్పినం."

"జెప్పిన్రు. పదొద్దుల పని అన్నరు, మూడొద్దులకే అచ్చిన్రు."

"గదే. నడిమి కప్పు ఒక తావున కురుస్తున్నదని దొర మనిషి పిలిచిండు. మూడు బస్తాల సిమెంటు తెచ్చిపెట్టిండు. సున్నంతోని జెయ్యాలంటే నెల నానాలె, మళ్ల కొట్టాలె. ఆనలు మీదికొస్తున్నయి. అన్న వద్దన్నడు. గచ్చు మీద సిమెంటు నేను పుయ్య అన్నడు. నేనే, గింత అతుకుకు గంత లొల్లి ఎందుకే అన్న. ఇద్దరం కలిసి పూసినం."

ఇది మా పనిలో అందరికీ తెలిసిన సంగతి. సున్నపు గచ్చు వాన నీళ్లు తాగుతుంది, ఎండకు మళ్లీ వదిలేస్తుంది. సిమెంటు మూత పెట్టేస్తుంది. పక్క నుంచి లోపలికి పోయిన నీళ్లు బయటికి రాలేక కింది దూలాలను తింటాయి. పైకి చూస్తే అతుకు గట్టిగానే ఉంటుంది. లోపల కట్టె చచ్చిపోతుంది. చిన్నప్పుడే నేర్చుకున్న ఆ సంగతి ఆ ఇద్దరికీ తెలియక కాదు.

"తెలిసే పూసిన్రా?"

"తెలిసే. అచ్చినంక అన్న సరింగ తినలె. దాన్ని తవ్వి తీసెయ్యాలె, కూలి ఇయ్యకున్న మంచిదే, సున్నంతోని మళ్ల ఎయ్యాలె అన్నడు. గందుకే గా కుండ వెట్టిండు. అది నానేలోపల రొమ్ము వట్టింది."

పదకొండేండ్లు నీళ్లు పోశాను. ఎవరింటి కోసమని ఒక్కనాడు కూడా అనుకోలేదు. ఏదో ఒక పనికి వస్తుందనుకున్నాను. మా ఆయన నాకు చెప్పకుండా పోయాడు. చెప్పడానికి సిగ్గయి చెప్పలేదో, నేను పోస్తే చాలనుకున్నాడో తెలియదు.

"నువ్వు రావా?" అని అడిగాను.

"నేనొచ్చి ఏం జూడాలె, వదినె. గోడనే కనవడదు."

సాయంత్రం పోచయ్య తన పాత పనిసంచిలోంచి గచ్చుకు మెరుగు పెట్టే గుండురాయి తీసి నా చేతిలో పెట్టాడు. నలభై ఏండ్లు రుద్ది రుద్ది కోడిగుడ్డంత నున్నగా అయింది. ఆ రాత్రి అక్కడే పడుకున్నాను.

శుక్రవారం పొద్దున ఆరుంబావుకు కోరుట్లలో వేములవాడ బస్సు ఎక్కాను. కథలాపూరు, రుద్రంగి, చందుర్తి మీదుగా పోతుంది. వానకాలం కాబట్టి దారి పొడుగునా పచ్చగా ఉంది. రుద్రంగి దగ్గర పత్తి చేన్లలో కలుపుకు పోయే ఆడవాళ్లు పది మంది ఎక్కారు. కొంగుల్లో సద్దిమూటలు. వాళ్లలో పెద్దావిడ నా పక్కన కూర్చుంది.

"ఏడిదాంక, అక్కా?"

"సిరిసిల్ల అవతలి గడికి."

"గడికా? దొరసానివైతున్నవా ఏంది?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. బాగుచేస్తారట, చూడ్డానికి పోతున్నానని చెప్పాను. ఆమె నవ్వు ఆపింది.

"మా నాయినమ్మ గా గడిల వడ్లు దంచి దంచి సచ్చింది. ఒక్క గింజ ఇంటికి తేలె. కూలిపోతే పీడ వాయె."

"దంచిపిచ్చినోడు దొర. కట్టినోళ్లు మనోళ్లు."

"గట్లనైతే మన పేర్లు ఏడున్నయక్కా, గా గోడ మీద?"

చందుర్తి దాటినాక చేను రాగానే వాళ్లు దిగారు. దిగేముందు నా చేతిలో రెండు సీతాఫలాలు పెట్టింది. ఇంకా కాయలే. రెండు రోజులు బియ్యంలో పెడితే పండుతాయని చెప్పింది.

వేములవాడలో ఎనిమిదైంది. రాజన్న గుడికి వచ్చిన జనంతో బస్టాండు నిండిపోయింది. సిరిసిల్ల బస్సులు పది నిమిషాలకొకటి ఉంటాయి, తొందరపడనక్కర లేదు. తొమ్మిదికి ముందే సిరిసిల్ల చేరాను. సందుల్లోకి తిరిగితే మగ్గాల చప్పుడు. ఒక అరుగు మీద కూర్చుని రెండు రొట్టెలు తిన్నాను. ఆ ఇంటావిడ మంచినీళ్లు ఇచ్చి, "గట్టిగ మాట్లాడు పెద్దమ్మా, మాకు మగ్గాల సప్పుడుల ఇనవడది" అంది. షేరింగు ఆటోలో ముప్పై రూపాయలిచ్చి పదింటికి గడి ఊళ్లో దిగాను.

గడి గురించి చెప్పాలి. పోయేవాళ్లు ముందు దర్వాజా దగ్గర ఆగండి. ఇద్దరు మనుషులు నిలబడి ఒకరి భుజం మీద ఒకరు ఎక్కినంత ఎత్తు. కమాను మీద సున్నంతో చేసిన రెండు చిలుకలున్నాయి. ఒకదానికి ముక్కు రాలిపోయింది. రెండోదాని రెక్క మీద ఇంకా నీలిమందు రంగు ఉంది. లోపల మండువా, చుట్టూ టేకు స్తంభాలు, మా చేతులకు అందనంత లావు. స్తంభాల అడుగు చెదలు తిన్నది, మీద పూలు మాత్రం నిన్న చెక్కినట్టున్నాయి. గోడలు మెరుగు పెట్టినవి. పెచ్చులూడని చోట చెంప ఆనించి చూస్తే చల్లగా, నున్నగా ఉంటుంది. నేను ఆనించాను. పనికి వచ్చిన ఆ ఏడు వెనక దర్వాజా నుంచే రానిచ్చేవాళ్లు, చెప్పులు బయట విడిచి. గోడను ముట్టేది పూసేటప్పుడే. ఈసారి ముందు దర్వాజా నుంచే పోయాను. అడ్డుకునేవాళ్లు లేరు. తలుపు కూడా లేదు, ఎవరో పీక్కుపోయారు.

మండువాలో పిడకలు ఆరేశారు. మెట్ల మీద తుమ్మ మొలిచింది. రంగు అద్దాల కిటికీలో ఒక్క ఎర్ర అద్దం మిగిలింది. దాంట్లోంచి పడిన వెలుగు పేడ మీద పడి ఉంది.

మండువా దాటితే నడిమి పెద్దగది, నడుమ అంతస్తు లేదు, దాని కప్పు కూలిపోయింది. గుమ్మంలోనే నాకది కనిపించింది. మనిషి పడుకున్నంత పొడుగు, మంచమంత వెడల్పు పొక్క. దాంట్లోంచి ఆకాశం. కింద నేల మీద బూడిదరంగు పెల్ల ఒకటి పడి ఉంది. అంత ఎత్తు నుంచి పడినా పగలలేదు. దానికి దూలం కొసలు అంటుకుని ఉన్నాయి. కట్టె చేత్తో పట్టుకుంటే ముక్కుపొడిలా రాలింది. సిమెంటు పెల్ల మీద తాపీ గీతలు కనిపించాయి. మా ఆయన చివరి గీత ఎడమకు తిప్పి ఆపుతాడు. అట్లనే ఉంది.

"పోయినేడు ఆనకాలం పడ్డది" అన్నాడు ఎల్లయ్య. "కింద మ్యాకలుండె. రెండు సచ్చినయి. మనుషులు లేకుండె, గదే నయం."

పదకొండింటికి వస్తామన్న ఇంజనీరమ్మ ఒంటిగంటంబావుకు వచ్చింది. ముప్పై ఏండ్లు ఉండవు. వెంట కాంట్రాక్టరు. ఊరివాళ్లు ఓ పదిమంది పోగయ్యారు. కాంట్రాక్టరు నేరుగా పొక్క కిందికి పోయి చేయి పైకెత్తాడు.

"సూసిన్రా మేడం, సున్నం కప్పంటే గింతే. ఎప్పుడు ఎవరి నెత్తి మీద పడ్తదో తెల్వది. మొత్తం దీసేసి స్లాబు వేస్తే వందేండ్లు సూడనక్కర లేదు. ముందల గోడకు రంగేద్దాం, పాత తీర్గనే కనవడ్తది."

ఆమె పుస్తకంలో రాసుకుంటున్నది. "పాత సున్నపు కప్పు బలహీనం" అని నోటితో అంటూ రాసింది.

ఆ మాట అట్లనే కాగితం మీద ఉంటే పొక్కతో పాటు మిగతా కప్పంతా తీసేస్తారు. పన్నెండు మందిమి కొట్టిన కప్పు. నోరు తెరిస్తే మా ఆయన పేరు పోతుంది. ఆ ఊళ్లో ఆయనకు మంచి పేరు. ఆ మంచి పేరు విని పిలిస్తేనే నేను అక్కడున్నాను. తెరవకపోతే కప్పు పోతుంది. ఎల్లయ్య నా దిక్కు చూశాడు.

"సున్నం కాదమ్మా కూలింది" అన్నాను.

అందరూ తిరిగారు. "మీరెవరమ్మా?" అని అడిగింది ఇంజనీరమ్మ.

"ఈ కప్పు ఏసిన లస్మయ్య పెండ్లాన్ని. గాయినె ఏసిన గచ్చు పడలె. గది సూడు, గా చుట్టూత ఉన్నది, గది గచ్చు. ఈ కింద పడ్డది సిమెంటు. దాని కింద నీళ్లాగినయి. దూలాలు కుళ్లినయి. గచ్చు మీద సిమెంటు పుయ్యద్దు. పూసిన్రు."

"సిమెంటు ఎవరు పూశారు?"

"గాయినెనే."

వెనక నుంచి ఒక ముసలాయన అన్నాడు, "ఏం లస్మయ్యనో. గప్పుడు మీసం దువ్వి, నేను సచ్చినా గీ కప్పు సావది అన్నడు."

కాంట్రాక్టరు నవ్వాడు. "పెద్దమ్మా, నీ మొగన్ని నువ్వే వట్టిచ్చినవు."

"వట్టియ్యకుంటే నువ్వు కప్పును వట్టుకపోతవు గదా" అన్నాను.

ఇంజనీరమ్మ మాత్రం నవ్వలేదు. పైకి పోదాం, చూపించండి అంది. మెట్లు విరిగి ఉన్నాయి. ఆమె ముందు ఎక్కి చేయి ఇచ్చింది. మిద్దె మీద గచ్చు నల్లగా పాచి పట్టి ఉంది. తాపీ పిడితో కొడుతూ పొక్క చుట్టూ నడిచాను. గట్టి గచ్చు కంచు పళ్లెంలా మోగుతుంది. వదులైన చోట మట్టి మీద కొట్టినట్టు ఉంటుంది. పొక్క అంచు నుంచి ఒక బార దూరం వరకే మూగపోయింది. మిగతాదంతా మోగింది. ఆమె కూడా తాపీ అడిగి తీసుకుని కొట్టి విన్నది. మళ్లీ మళ్లీ కొట్టింది.

"ఇది నిలబెట్టొచ్చు" అంది. తర్వాత అడిగింది, "ఈ పని చేసేవాళ్లు ఎంతమంది దొరుకుతారు?"

"నేనున్న. మా మరిది ఉన్నడు, కండ్లు కనవడయి."

"ఇంకా?"

క్యాను మూత తీసి సున్నం చూపించాను. ముట్టుకుని చూసింది. ఎంతుందని అడిగింది. ఇంటి దగ్గర ఇంకో అర కుండ ఉందన్నాను. ఆమె పొక్క దిక్కు చూసింది, క్యాను దిక్కు చూసింది. "దీనికి ఇట్లాంటి కుండలు వంద కావాలమ్మా" అంది. నెమ్మదిగానే అంది. "మీరు చెప్పింది నేను రాస్తాను. నిర్ణయం నా చేతిలో ఉండదు. ఎస్టిమేట్లు ముందే స్లాబుకు వేసి పంపారు. పండుగ కాంగనే పని మొదలవుతుంది."

రాసింది నాకు ఒకటి ఇవ్వమని అడిగాను. కార్బన్ పెట్టి రాసి, కింది కాగితం చింపి ఇచ్చింది. మడిచి జాకెట్టులో పెట్టుకున్నాను. వాళ్ల కారు పోయింది, ఊరివాళ్లూ పోయారు.

మిద్దె మీద మోగిన దిక్కు జానెడు పగులు ఒకటి చూసి పెట్టుకున్నాను. మళ్లీ ఎక్కాను. ఎల్లయ్య ఇసుక జల్లించి ఇచ్చాడు. పగులు కడిగి, సున్నం, ఇసుక కలిపి, కరక్కాయ నీళ్లు పోసి, ముద్ద నొక్కి, తాపీ పిడితో కొట్టాను. పాట రాలేదు. పోచయ్య ఇచ్చిన రాయితో మెరుగు పెట్టాను. క్యాను సున్నంలో సగం కూడా పట్టలేదు. మిగిలింది ఎల్లయ్యకు ఇచ్చి, నీళ్లు ఆరనివ్వొద్దని చెప్పాను. తడిగోనె కప్పి రోజుకు రెండు పూటలా నీళ్లు చల్లమన్నాను.

"ఎన్నొద్దులు?" అని అడిగాడు.

"నలభై."

వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "రాజవ్వా, పండుగ ఇరవై రెండొద్దులే ఉన్నది."

"తెల్సు. నువ్వు సల్లు."

నాలుగింటికి ఆటో దొరికింది. సిరిసిల్ల నుంచి వేములవాడ, అక్కడ అయిదుంబావుకు జగిత్యాల బస్సు. కొండగట్టు దగ్గర అంజన్న దర్శనం చేసుకున్న జనం ఎక్కారు. నుదుట సింధూరంతో ఒక టీచరమ్మ నా పక్కన కూర్చుంది. కాగితం తీసి, చదివి పెట్టు బిడ్డా అన్నాను. మొత్తం చదవమన్నాను, ఒక్క ముక్క విడవొద్దన్నాను.

ఆమె చదివింది. "కప్పు కూలడానికి కారణం, గతంలో చేసిన సిమెంటు మరమ్మతు. మిగతా సున్నపు కప్పు దృఢంగా ఉంది. నిలబెట్టే వీలుంది. సమాచారం: స్థానిక మహిళ."

"లస్మయ్య అని లేదా?"

"లేదవ్వా."

"అటు దిక్కు?"

కాగితం తిప్పి చూపించింది. అటు ఏం లేదు.

ఆయన పేరు పోతుందని పొద్దంతా గుండె పట్టుకుని తిరిగాను. చెడ్డకు కూడా ఎవరూ రాసుకోలేదు. పత్తి చేను దగ్గర దిగిన ఆమె అడిగింది ఇదే. నేనైతే స్థానికం కూడా కాదు, జగిత్యాలదాన్ని.

గడి చూడాలనుకునేవాళ్లు పండుగ లోపల పోండి. సిరిసిల్ల బస్టాండులో గడి ఊరంటే ఆటోవాళ్లకు తెలుసు. తిండి దొరకదు, కట్టుకుపోండి. మెట్ల దగ్గర జాగ్రత్త, ఎడమ దిక్కు ఎక్కండి. మిద్దె మీద గోనె కప్పి ఉంటే తొక్కొద్దు, ఎల్లయ్య ఉంటే ఒక చెంబెడు నీళ్లు చల్లండి. పండుగ దాటినాక పోతే చిలుకలు ఉంటాయో ఉండవో నేను చెప్పలేను. కొత్తగా రంగేసిన గోడ మాత్రం ఉంటుంది.

బస్సు ఏడున్నరకు జగిత్యాల చేరింది. తెల్లారి పండ్లు తోముకుని పెరట్లోకి పోయాను. సీతాఫలాలు బియ్యంలో పెట్టింది మా బిడ్డ. నేను కుండ మూత తీసి చెంబు వంచుతుంటే గుమ్మంలోంచి చూసింది. కోరుట్ల సంగతి, కాగితం సంగతి అప్పటికే దానికి చెప్పేశాను.

"ఇంకెందుకే అమ్మా, పోసుడు?"

"ఆరితే రాయయితది" అన్నాను. తగ్గినంతా పోసి మూత పెట్టాను.